తోమిన పళ్లేలు ముప్పై ఒకటి

సత్యశ్రీ పొద్దున్నే మొహం కడుక్కోకముందే డాబా ఎక్కుతుంది. నీళ్ల ట్యాంకు పక్కన, రెండు ఇటుకల మీద ఒక స్టీలు పళ్లెం ఉంటుంది. దాన్ని ఆమె ముట్టుకోదు. రాత్రికి రాత్రి ఎవరైనా ముట్టుకున్నారేమోనని వంగి చూస్తుంది, అంతే. ఎవరూ ముట్టుకోలేదని తేలాక కిందికి దిగి, టీ తాగి, తొమ్మిదింటికి సుపేలాలోని ఒక రక్తపరీక్షల కేంద్రానికి పనికి వెళ్తుంది.

ఆమెకు ఇరవై నాలుగేళ్లు. పుట్టింది భిలాయ్‌లోనే. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కోవాలి. తండ్రి గురునాథరావు టెక్కలి పక్క పల్లె నుంచి ఇరవై ఆరేళ్ల వయసులో ఇక్కడికి వచ్చాడు. ఉక్కు కర్మాగారంలో ముప్పై మూడేళ్లు, రైలు పట్టాల తనిఖీలో పనిచేశాడు. సెక్టర్ 7 క్వార్టర్‌లో చెట్ల నీడన కాపురం. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కాబట్టి, అందరిలాగే అతనూ ముందుగానే స్థలం చూసుకున్నాడు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడను ఆనుకుని, తనలాంటి వాళ్లు నలుగురు కొన్న చోటే కొన్నాడు. ఆ నలుగురూ కాస్తా పెరిగి నలభై ఇళ్లయ్యాయి. దానికి శ్రీకాకుళం గల్లీ అని పేరు పడింది.

స్థలం ఎందుకంత చవగ్గా వచ్చిందో గృహప్రవేశమైన వారానికే తెలిసింది. గల్లీ చివర నుంచి అరకిలోమీటరు లోపే ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారం ఉంది. ఖనిజాన్ని బొగ్గుతో కలిపి పెద్ద గొట్టంలాంటి బట్టీలో కాలుస్తారు. గురునాథరావు భార్య తులసమ్మ ఆరింటికి వాకిట్లో వేసిన ముగ్గు పది గంటలకల్లా బూడిదరంగుకు తిరిగేది. ఆమె కొన్నాళ్లు మధ్యాహ్నం మళ్లీ వేసేది. తర్వాత మానేసింది. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేయడం, కిటికీలకు తడిగుడ్డ కట్టడం, పడుకునే ముందు పక్క దులపడం గల్లీ మొత్తానికీ అలవాటైపోయాయి. నాలుగో ఏడు నుంచి తులసమ్మ దిండు కింద ఇన్‌హేలర్ ఉంటోంది.

సత్యశ్రీ పోరాటం మొదలైంది గల్లీలో కాదు. కాలేజీ మొదటి ఏడాదిలో, శుక్రవారాల్లో పదకొండుమంది పిల్లలు సివిక్ సెంటర్ దగ్గర అట్టముక్కలు పట్టుకుని నిలబడేవాళ్లు. భూమి వేడెక్కుతోంది, బొగ్గు ఆపండి, మా రేపటి సంగతేమిటి అని హిందీలో రాసి ఉండేది. ఉక్కు ఊళ్లో బొగ్గు ఆపమనే పిల్లల్ని చూసి డ్యూటీ దిగి వెళ్లే కార్మికులు సైకిలు ఆపి నవ్వేవారు. ఒకాయన సత్యశ్రీని పేరు పెట్టి పిలిచాడు. బొగ్గు ఆగితే మీ నాన్న పింఛను ఏ చెట్టుకి కాస్తుందో ఇంటికెళ్లి అడగమన్నాడు. ఆమె ఇంటికెళ్లి అడగలేదు. గురునాథరావుకు ఆ సంగతి ఎలాగూ తెలిసింది. నెలరోజులు కూతురితో మాట్లాడలేదు.

తర్వాత ఒక ఎండాకాలం పగటి వేడి నలభై ఆరు డిగ్రీల దగ్గర తొమ్మిది రోజులు వరసగా నిలిచింది. గల్లీలో ఇద్దరు ముసలివాళ్లు పోయారు. దుమ్ముకు భయపడి కిటికీలు తెరవలేని ఇళ్లలో, కరెంటు లేని మధ్యాహ్నాల్లో పోయారు. వాతావరణ మార్పు అన్న మాట గల్లీలో ఎవరికీ పట్టలేదు. కిటికీ తెరిస్తే మసి, మూస్తే ఉడుకు అన్నది అందరికీ తెలుసు. భూమిని వేడెక్కించే బొగ్గూ ఈ మసి బొగ్గూ ఒకటేనని ఆ వేసవిలో సత్యశ్రీ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. సివిక్ సెంటర్ దగ్గర నిలబడటం మానేసి, పదకొండుమందినీ గల్లీకి తీసుకొచ్చింది.

అదే ఏడు అక్టోబరులో ఆ కర్మాగారం రెండో బట్టీ కట్టబోతోందని తెలిసింది. డిసెంబరు ఇరవై ఏడున ప్రజాభిప్రాయ సేకరణ. కంపెనీ ఇచ్చిన నివేదికలో చుట్టుపక్కల గాలి పరిమితుల్లోనే ఉందని రాసి ఉంది. కొలిచే యంత్రం ఎక్కడ పెట్టారో గల్లీలో ఎవరూ చూడలేదు. నివేదికకు ఎదురు నివేదిక కావాలి. యంత్రం కొనే స్తోమత పిల్లలకు లేదు.

పళ్లేల ఉపాయం సత్యశ్రీదే. అడుగు వెడల్పు, అంచున్న స్టీలు పళ్లేలు నలభై. ప్రతి ఇంటి డాబా మీదా ఒకటి. పడిన ధూళి మళ్లీ గాలికి లేచిపోకుండా లోపల పలచగా ఆముదం పూత. పెట్టేముందు తూచాలి, ముప్పై రోజుల తర్వాత తూచాలి. తేడా ఎంతో అంత ధూళి. తూకం యంత్రం ఒక కంసాలి కొట్టు నుంచి అడిగి తెచ్చారు. గ్రాములో పదో వంతు వరకూ చూపిస్తుంది. పళ్లేలు గల్లీవే, పెళ్లిళ్లలో వచ్చినవి, అడుగున ఎవరెవరి పేర్లో చెక్కి ఉన్నవి. నవంబరు ఇరవైన మనోజ్‌కుమార్, సత్యశ్రీ కలిసి నలభై డాబాలెక్కారు. మనోజ్‌కుమార్ డిప్లొమా చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు. వాళ్లదీ అదే గల్లీ. గుంపులో అందరికన్నా ఉత్సాహం అతనికే.

ప్రతి ఇంట్లోనూ సత్యశ్రీ ఒకే మాట చెప్పింది. మేమొచ్చి తీసుకెళ్లేదాకా ముట్టుకోవద్దు. ఆడవాళ్లందరూ తలూపారు, మాట నిలబెట్టుకున్నారు. ఇరవై తొమ్మిది రోజులు ఏ ఇంట్లోనూ పళ్లేన్ని ఎవరూ ముట్టుకోలేదు. పిల్లల్ని డాబా ఎక్కనివ్వలేదు. కాకులు వాలకుండా ఒకావిడ కర్ర పట్టుకుని కూర్చుంది.

ముప్పయ్యో రోజుకు ముందు సాయంత్రం సత్యశ్రీ ఇల్లిల్లూ తిరిగి, రేపు పొద్దున పళ్లేల కోసం వస్తున్నామని చెప్పి వచ్చింది. ఒకరింటికి చెప్పకుండా వెళ్లకూడదని చిన్నప్పుడు తల్లి నేర్పిన మర్యాద.

పొద్దున మొదటి ఇల్లు గౌరీదేవిది. డెబ్బై దాటిన ముసలావిడ, కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. చేతిలో పళ్లెం అద్దంలా మెరుస్తోంది. అందులో రెండు అరటిపళ్లు.

"కడిగేశావా మామ్మా?" అంది సత్యశ్రీ.

"కడగనేటి మరి? బొగ్గులోన పొర్లించినట్టుగుంది. ఆ ఆముదం జిడ్డొకటి. బూడిదేసి రెండు మార్లు తోమితేగానీ వదల్లేదు." గౌరీదేవి పళ్లెం ఆమె చేతిలో పెట్టింది. "నెల్లాళ్లు మా ఇంట ఉంచినావు. కాళీ పల్లెం ఎలాగిచ్చీది తల్లీ?"

రెండో ఇంట్లో పళ్లెం తోమి బెల్లంముక్క పెట్టారు. మూడో ఇంట్లో గుప్పెడు బియ్యం. నాలుగో ఇంట్లో పళ్లెం కడిగి, తుడిచి, కొత్త చేతిరుమాలులో చుట్టి ఇచ్చారు. ముట్టుకోవద్దన్నావు కదా, నువ్వు వస్తానన్నాకే ముట్టుకున్నాం అన్నారు. పదో ఇంటి దగ్గర మనోజ్‌కుమార్ నవ్వాడు. ఇరవయ్యో ఇంటి దగ్గర నవ్వలేదు. అట్టపెట్టెలో ఒకదాని మీద ఒకటి తళతళలాడే పళ్లేలు, పక్కన సంచిలో పళ్లు, బెల్లం, చెకోడీలు.

నలభైలో తొమ్మిది మాత్రం ఉన్నవి ఉన్నట్టు దొరికాయి. వాటిలో అయిదు ఊరెళ్లి తాళాలు వేసిన ఇళ్లు. నాలుగు పెళ్లికాని మగవాళ్లు అద్దెకుంటున్న గదులు.

ఆఖరున సత్యశ్రీ తన ఇంటి డాబా ఎక్కింది. ఇటుకల మీద పళ్లెం లేదు. వంటింట్లో తులసమ్మ దాన్ని బోర్లించి ఆరబెట్టింది.

"అమ్మా, నీకు తెలుసు కదా. నీకు కూడా చెప్పాలా?"

తులసమ్మ కూతురి మొహం చూసి, ఏదో జరిగిందని గ్రహించి, గొంతు తగ్గించింది. "పదిమంది పిల్లలొచ్చి పల్లేలన్నీ వరసనెట్టి సూత్తారన్నావు. మనదొక్కటీ నల్లగుంటే, గురునాథరావు పెల్లానికి పల్లెం తోమడం రాదనుకోరేటి?"

తల్లికి చెప్పనవసరం లేదనుకున్నందుకు ఎవరిని అనాలో సత్యశ్రీకి తెలియలేదు. తొమ్మిది పళ్లేలు ముందు గదిలో పరిచి తూచడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా తక్కువ నాలుగు పాయింట్ ఒకటి. ఎక్కువ ఆరు పాయింట్ ఎనిమిది. సగటు అయిదు పాయింట్ నాలుగు గ్రాములు. గురునాథరావు డాబా ఆరువందల నలభై చదరపుటడుగులు. ఆ లెక్కన ఒక్కో డాబా మీద నెలకు నాలుగున్నర కిలోల ధూళి. నలభై ఇళ్లకు ఇదే అంకె చూపించగలిగితే సభలో ఎవరూ కాదనలేరు. తొమ్మిది ఇళ్లకే చూపిస్తే వాటి సంగతి కాదు, మిగతావాటి సంగతి అడుగుతారు.

మళ్లీ పెట్టడానికి ముప్పై రోజులు కావాలి. సభకు ఏడు రోజులుంది.

మనోజ్‌కుమార్ కాగితం తీసి, మిగిలిన ముప్పై ఒక్క గళ్లలోనూ పెన్సిల్‌తో అంకెలు వేశాడు. అయిదు పాయింట్ రెండు, నాలుగు పాయింట్ తొమ్మిది, అయిదు పాయింట్ ఆరు. కల్పించినట్టు కనిపించకుండా జాగ్రత్తపడ్డాడు. ఒకే గల్లీ, ఒకే గాలి, తాళం వేసిన ఇంటి మీద పడిన మసి పక్కింటి మీద పడకుండా పోతుందా అన్నాడు. "ఝూఠ్ నహీఁ హై దీదీ. కడిగిందే రాస్తున్నాం."

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదని సత్యశ్రీకీ తెలుసు. రక్తపరీక్షల కేంద్రంలో గొట్టంలో రక్తం గడ్డకడితే దాని మీద రద్దు అని రాసి, ఆ మనిషిని మళ్లీ పిలిపించడం ఆమె రోజూ చేసే పని. ఇక్కడ మళ్లీ పిలిపించేందుకు ఎవరూ లేరు. పెన్సిల్ అంకెల కాగితం రెండు గంటలు ఆమె ముందే ఉంది. చింపలేదు. పెన్నుతో దిద్దలేదు.

గురునాథరావు అంతసేపూ పక్క గదిలో పేపరు చదువుతున్నాడు. కూతురి ఉద్యమం గురించి అయిదేళ్లలో మంచిచెడ్డలు ఒక్క మాట అనలేదు. లేచి వచ్చి, కళ్లజోడు సవరించుకుని, కాగితం చూశాడు. జరిగిందేమిటో మనోజ్‌కుమార్ చెప్పాడు.

"బాబూ, ముప్పై మూడేళ్లు నాను పట్టాలు సూసినాను," అన్నాడు గురునాథరావు. "సూసిన పట్టాకే ముద్ర. ఇటుపక్కది బాగుంది, అటుపక్కది బాగుంది, మజ్జిలోదీ బాగానే ఉంటాదని ముద్ర ఎయ్యకూడదు."

"అంకుల్, అక్కడ రైలు పడిపోతుంది. ఇక్కడేం పడిపోతుంది?"

"ఇక్కడ నా కూతురు సంతకం ఉంటాది."

అంత చెప్పి మళ్లీ వెళ్లి పేపరు తీశాడు. సత్యశ్రీకి కోపం వచ్చింది. ఎప్పుడూ తోడురాని మనిషి ఇవాళ వచ్చి, ఉన్న దారి కూడా మూసి వెళ్లాడనిపించింది. అయినా రబ్బరు తీసుకుని ముప్పై ఒక్క గళ్లూ తుడిచింది. ఒక్కోదానిలో కడిగారు అని రాసింది. ఆ సాయంత్రం మనోజ్‌కుమార్ టీ తాగకుండా వెళ్లిపోయాడు.

సభకు షామియానా వేశారు. కంపెనీ తీసుకొచ్చిన మనుషులు ముందు వరసల్లో కూర్చున్నారు. చాలామందికి బట్టీ వస్తే కొలువు వస్తుందని ఆశ, అది తప్పు కాదు. గల్లీ నుంచి ఇరవైమంది దాకా వచ్చారు, ఎక్కువమంది ఆడవాళ్లే. పిల్లలు పదకొండుమందిలో ఆరుగురొచ్చారు. సత్యశ్రీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆమె హిందీలో తడబడకుండా చదివింది. తొమ్మిది పళ్లేల అంకెలు, సగటు, డాబాకు నాలుగున్నర కిలోలు. ఆ వేసవిలో పోయిన ఇద్దరి పేర్లు.

కంపెనీ తరఫు సలహాదారు మర్యాదస్తుడు. ఆమెను మేడమ్ అనే పిలిచాడు. మొత్తం ఎన్ని పళ్లేలు పెట్టారని అడిగాడు. నలభై అంది. మిగతా ముప్పై ఒక్క పళ్లేల్లో ఎంత ధూళి వచ్చిందన్నాడు. కడిగేశారు అంది. అంటే సున్నా అన్నాడు అతను.

"సున్నా కాదు. తెలియదు," అంది సత్యశ్రీ.

"తెలియదు అన్నది అంకె కాదు కదా మేడమ్."

ముందు వరసలు నవ్వాయి. ఎవరు కడిగారు, ఎందుకు కడిగారు అని సభ నడుపుతున్న అధికారి అడిగాడు. సత్యశ్రీ చెప్పింది. చెబుతుంటే తనకే అది చిన్నపిల్లల ఆటలా వినిపించింది. ఈసారి వెనక వరసల్లో కూడా కొందరు నవ్వారు. గల్లీ ఆడవాళ్లు తలలు దించుకున్నారు. తాము చేసినదేమిటో వాళ్లలో చాలామందికి అప్పుడే పూర్తిగా అర్థమైంది.

గౌరీదేవి లేచింది. మైకు దాకా నడవడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. హిందీ ఆమెకు కూరగాయల బేరం వరకే వచ్చు. తెలుగులోనే మాట్లాడింది.

"ఆ పిల్లది తప్పు లేదు బాబూ. పల్లెం నాను తోమినాను. బూడిదేసి రెండు మార్లు తోమినాను, నా సీర కొంగు నల్లగైపోనాది. ఆ నీల్లు మా మొక్కల్లోన పోసినాను. రండి, సూపిత్తాను."

సత్యశ్రీ దాన్ని హిందీలో చెప్పింది. ఎన్ని గ్రాములుంటుందని సలహాదారు అడిగాడు. ఆ ప్రశ్న ఆమె తెలుగులో అడిగితే, గ్రాములు తనకు తెలియవని, మసి తెలుసని గౌరీదేవి అంది. దగ్గు రావడంతో అక్కడితో ఆపింది. అధికారి ధన్యవాదాలు చెప్పి తర్వాతి పేరు పిలిచాడు.

కంపెనీ ఆ తర్వాత సమర్పించిన సమాధానాల పత్రం నూట పద్దెనిమిది పేజీలు. అందులో శ్రీకాకుళం గల్లీ గురించి రెండు వాక్యాలున్నాయి. అభ్యంతరం చెప్పినవారి సొంత పరీక్షలోనే నలభై నమూనాలకు గాను ముప్పై ఒక్క నమూనాల్లో ధూళి నమోదు కాలేదని మొదటిది. ఒక వృద్ధురాలు తన ఇంట్లో పాత్రలు శుభ్రంగా ఉంచుకుంటానని తెలిపారని రెండోది.

జనవరిలో గల్లీ ఆడవాళ్లు సత్యశ్రీ ఎదురైతే ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయేవారు. ఆమెకు వాళ్ల మీద కోపం లేదు. ఉందేమోనని వాళ్ల అనుమానం. గుంపు పలచబడింది. ఒకమ్మాయి పోటీ పరీక్షల కోచింగ్‌కు రాయపూర్ వెళ్లింది. ఇద్దరు ఫోన్లు తీయడం మానేశారు. రుఆబాంధా నుంచి వచ్చే హేమమాలిని ఒక్కతే ఆదివారాలు వస్తుంది. మనోజ్‌కుమార్‌కు ఉద్యోగం వచ్చింది, ఆ కర్మాగారంలోనే. కొత్త బట్టీకి ముందస్తుగా తీసుకున్న పన్నెండుమంది ఆపరేటర్లలో అతనొకడు. చేరే రోజు పొద్దున సత్యశ్రీ ఇంటికి వచ్చి చెప్పాడు. చెప్పకుండా వెళ్లలేకపోయానన్నాడు. తులసమ్మ అతనికి టీ పెట్టి ఇచ్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకోమని సత్యశ్రీ అంది.

గౌరీదేవి ఫిబ్రవరి రెండో వారంలో పోయింది. మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఆసుపత్రి కాగితం మీద వయసు, ఊపిరితిత్తులు అని రాశారు. కారణం ధూళి అని ఎక్కడా లేదు, ఉండాలని కొడుకు అడగనూ లేదు. పన్నెండో రోజు భోజనాలయ్యాక, అతను ఆనవాయితీ ప్రకారం గల్లీలో ఇంటికో స్టీలు పళ్లెం పంచాడు. కొత్తవి, అడుగు వెడల్పు, అంచున్నవి. లోపల మధ్యన తెలుగులో చెక్కించాడు: కీ.శే. గౌరీదేవి జ్ఞాపకార్థం.

మార్చిలో రెండో బట్టీకి అనుమతి వచ్చింది. గల్లీలో ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. ఏప్రిల్ మొదటి సోమవారం సత్యశ్రీ పని నుంచి వచ్చేసరికి, వంటింట్లో తులసమ్మ గౌరీదేవి పళ్లెం ముందుపెట్టుకుని కూర్చుని ఉంది. అందులో ఆ ఇంట్లో ఇంకా ఎవరూ తినలేదు. పక్కన ఆముదం సీసా ఉంది.

"ఎంత రాయాలే?" అంది తులసమ్మ.

పలచగా అంది సత్యశ్రీ. తల్లి రాసింది. కంసాలి కొట్టు తూకం మీద ఇద్దరూ కలిసి తూచారు. ఆముదంతో కలిపి నూట ఎనభై ఆరు గ్రాములు. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా డాబా ఎక్కని తులసమ్మ, పళ్లెం తనే పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి వెళ్లి ఇటుకల మీద పెట్టింది. ఆ నెలంతా సత్యశ్రీ రోజూ పొద్దున వెళ్లి చూసింది. ఎవరూ ముట్టుకోలేదు. పదో రోజుకు పేరు మసకబారింది. ఇరవయ్యో రోజుకు చదవడం కుదరలేదు.

ముప్పయ్యో రోజు ఎవరికీ చెప్పకుండా పళ్లెం కిందికి తెచ్చింది. గురునాథరావు కళ్లజోడు పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. తూకం మీద అంకె ఆగేదాకా చూశాడు. తను చూశాననీ, రాయమనీ చెప్పాడు. సత్యశ్రీ పుస్తకంలో రాసింది. ఆ అంకె కింద గురునాథరావు కూడా సంతకం చేశాడు. పళ్లెం కడిగి, మళ్లీ ఆముదం రాసి, తూచి, తిరిగి డాబా మీద పెట్టారు.

రెండో బట్టీ జూన్ పదిహేనున వెలిగిస్తారని గేటు దగ్గర బోర్డు పెట్టారు. అది వెలగకముందు, గౌరీదేవి పళ్లెంలో నెలకు పడినది ఆరు పాయింట్ మూడు గ్రాములు.